అరగంటలో వంజరం స్టేక్, ఆవ పెట్టిన కాలీఫ్లవర్ ముద్ద: నా అనుభవం

స్టేక్ అనగానే మనలో చాలామందికి గొడ్డుమాంసమే గుర్తుకు వస్తుంది. వంట పద్ధతిగా చూస్తే మాత్రం మందపాటి ముక్కను బాగా కాలిన పెనం మీద కొద్ది నిమిషాలపాటు కాల్చి, పైన ముదురు గోధుమరంగు పొర కట్టేటట్లు, లోపలి రసం ఇంకిపోకుండా ఉండేటట్లు దించుకోవడమే స్టేక్. పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి సెలవుకు విశాఖపట్నం వచ్చినప్పుడు, ఒక రాత్రి భోజనానికి స్టేక్, దాని పక్కన మెత్తగా మెదిపిన కూర ఏదైనా ఇంట్లోనే చేసుకుందామని అడిగింది. మా ఇంట్లో గొడ్డుమాంసం వండరు. మన దగ్గర దొరికే మేకమాంసంలో కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పీచు బలంగా ఉంటుంది కనుక, అది కరిగి మెత్తబడాలంటే కుక్కర్ కూతలో, గంటసేపు సన్నని సెగో కావాలి గాని, నాలుగు నిమిషాల పెనంతో అయ్యే పని కాదు. చేపలో ఆ పీచు తక్కువ, ఉన్నది కూడా కొద్దిపాటి వేడికే కరిగిపోతుంది. అందువల్ల ఆలోచన చేప మీదికి మళ్ళింది, చేప అనుకున్నాక వంజరం కాక మరొకటి తోచలేదు.

సూర చేప, అంటే ట్యూనా, కూడా విశాఖ తీరంలో బాగానే పడుతుంది, దాని ఎర్రని కండ చూడడానికి అచ్చం మాంసంలాగే ఉంటుంది. అయితే సూర స్టేక్ రుచి అంతా దానిని లోపల సగం పచ్చిగా దించడంలో ఉంది, పూర్తిగా ఉడికిస్తే పొడిపొడిగా అయిపోతుంది. పెద్దవారున్న ఇంట్లో సగం పచ్చి చేప వడ్డించడం నాకు ఇష్టం లేకపోయింది. వంజరంలో కొవ్వు కొంత ఉంటుంది, పొలుసు దాదాపు ఉండదు, నడిమి ముల్లు ఒక్కటి తీసేస్తే చిన్న ముళ్ళ బాధ పెద్దగా లేదు, పూర్తిగా ఉడికినా కండ తేమగా విడివడుతుంది. పైగా మనవాళ్ళు దానిని ఎప్పటినుంచో అడ్డంగా, గుండ్రటి ముక్కలుగానే కోస్తున్నారు, ఆ కోత స్టేక్ కోతే. తేడా అంతా మందంలో ఉంది.

ఆ మందం దగ్గరే మొదటి చర్చ జరిగింది. కార్తీకమాసం ముగిసి, పోలి పాడ్యమి కూడా వెళ్ళిపోయాక విశాఖలో చేపల బజార్లు ఒక్కసారిగా కళకళలాడతాయి, నెలంతా నీచు ముట్టని ఇళ్ళవాళ్ళందరూ ఒకేసారి సంచులు పట్టుకుని వస్తారు. ఫిషింగ్ హార్బర్‌కు తెల్లవారుజామున వెళితే వేలం పాట హడావుడిలో మంచి చేప తక్కువలో దొరకవచ్చు గాని, ఒకటి రెండు ముక్కల కోసం మొత్తం చేపను పాడుకోలేము కదా. అందుకని పెద జాలరిపేట వైపు, ఎప్పుడూ కొనే ఆమె దగ్గరికే వెళ్ళాను. కత్తిపీట ముందు కూర్చుని ఆమె తన అలవాటు ప్రకారం అరంగుళం ముక్కలు తీయబోతుండగా, అంగుళం మందం కావాలని చెప్పాను.

"అంత మందం ముక్క ఏటికమ్మా? ఉప్పూ కారం లోనికి పట్టదు. పులుసుకైతే నేను కోసినట్టే బాగుంటాది," అంది.

"పులుసు కాదు, పెనం మీద కాల్చుకోవడానికి," అన్నాను.

"కోనాం ముక్క ఉత్తినే కాల్చుకు తింతారేటి?" అని ఆశ్చర్యపోతూనే, చేపను తిప్పి, పొట్టభాగం దాటిన తర్వాత మొదలయ్యే చోటు చూపించింది. విశాఖలో వంజరానికి కోనాం అన్న పేరే ఎక్కువగా వినిపిస్తుంది. ఆమె చూపించిన చోటు నిజంగా మంచి ఎంపిక. తల వైపు ముక్కల్లో పొట్ట రెండు పాయలుగా వేలాడుతుంది, ఆ పలుచని పాయలు మాడిపోయేసరికి గాని నడిమి కండ ఉడకదు. తోక వైపు మరీ చిన్నవి. పొట్ట ముగిసే చోటు నుంచి తోక సన్నబడే లోపు వచ్చే ముక్కలు నిండుగా, గుండ్రంగా, అంతటా ఒకే మందంతో ఉంటాయి. అటువంటి ముక్క ఒక్కొక్కటి 250 గ్రాముల దాకా తూగింది. మనిషికి ఒకటి పూర్తిగా సరిపోతుంది.

కొన్న చేపను ఇంటికి తెచ్చే తీరు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది రుచికి మించిన విషయం. వంజరం, సూర రెండూ స్కాంబ్రిడే అనే ఒకే కుటుంబానికి చెందినవి, వీటి కండలో హిస్టిడిన్ అనే ఆమైనో ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. చేప వెచ్చగా పడి ఉంటే సూక్ష్మజీవులు దానిని హిస్టమిన్‌గా మార్చివేస్తాయి. ఒకసారి ఏర్పడిన హిస్టమిన్ ఎంత ఉడికించినా, వేయించినా పోదు, తిన్న కొద్దిసేపట్లోనే ముఖం ఎర్రబడడం, దురద, తలనొప్పి వంటివి మొదలవుతాయి. చేప పడలేదని మనం అనుకునే సందర్భాలలో కొన్ని నిజానికి మంచు లేకుండా తిరిగిన చేప వల్ల వచ్చినవే కావచ్చు. అందుచేత ముక్కలు కోయించగానే సంచిలో మంచుగడ్డలు వేయించుకుని, మధ్యలో కూరగాయల బేరం పెట్టుకోకుండా నేరుగా ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటికి వచ్చి, వాటిని ఫ్రిజ్‌లో అన్నిటికన్నా చల్లని అరలో పెట్టాను. రైతు బజారుకు ఆ తర్వాత వెళ్ళాను.

స్టేక్ పక్కన సాధారణంగా బంగాళాదుంప మెదిపి పెడతారు. శీతకాలం కావడంతో రైతు బజారులో కాలీఫ్లవర్ తెల్లగా, గట్టిగా, చవకగా ఉంది, అందుకని ఒక పువ్వు, దానికి బలంగా ఉండడానికి ఒక్క బంగాళాదుంప తీసుకున్నాను. చిలగడదుంప కూడా వచ్చింది గాని, చేప పక్కన ఆ తీపి నాకు నప్పదు. కాలీఫ్లవర్‌తో చిక్కు ఏమిటంటే దాని బరువులో 90 శాతానికి పైగా నీరే. నీళ్ళలో వేసి ఉడికిస్తే ఇంకా తాగుతుంది, మెదిపాక కంచంలో అంచున నీరు ఊరి, చేప పైపొరను తడిపేస్తుంది. ఈ భోజనంలో అసలు పని అంతా నీటిని వదిలించడమేనని నాకు ఇక్కడే తెలిసివచ్చింది, కూరలోనూ అంతే, చేపలోనూ అంతే.

పువ్వును రెమ్మలుగా విడదీసి, పురుగు పోవడానికి ఉప్పు వేసిన గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి, వడగట్టి, చిన్న ముక్కలుగా తరిగిన బంగాళాదుంపతో కలిపి ఇడ్లీ పాత్రలో చిల్లుల పళ్ళెం మీద ఆవిరికి పెట్టాను. పదిహేను నిమిషాలలో రెమ్మ కాడలోకి చాకు మొన సులువుగా దిగింది. అక్కడితో ఆపకుండా వాటిని పొడి బాండీలోకి మార్చి, సన్నని సెగ మీద, నూనె చుక్క కూడా వేయకుండా నాలుగైదు నిమిషాలు కదుపుతూ ఉన్నాను. మొదట బాండీ నుంచి దట్టంగా ఆవిరి లేస్తుంది, క్రమంగా అది పలుచబడుతుంది, రెమ్మల అంచులు పొడిబారి చిట్లుతాయి, బాండీ అడుగున పలుచని తెల్లటి పొర అంటుకుంటుంది. ఆ పొర కనిపించినప్పుడు దించి, వేడిగా ఉండగానే పప్పుగుత్తితో మెదిపాను. మిక్సీలో వేస్తే పని త్వరగా అవుతుందనిపిస్తుంది గాని, వేగంగా తిరిగే బ్లేడు బంగాళాదుంపలోని పిండి కణాలను చీల్చివేయడంతో ముద్ద జిగురుగా సాగుతుంది. పప్పుగుత్తి మెదిపిన ముద్దలో అక్కడక్కడ చిన్న పలుకు మిగిలినా నాకు అదే ఇష్టం. రెండు చెంచాల వెన్న, ఉప్పు కలిపాను. పాలు పోయలేదు. వదిలించిన నీటిని మళ్ళీ పాల రూపంలో పోయడం దేనికి?

ఇంతవరకు వచ్చిన ముద్ద చప్పగానే ఉంటుంది, కాలీఫ్లవర్ స్వభావమే అంత. ఫ్రాన్స్‌లో స్టేక్ పక్కన దిజోన్ పట్టణం పేరుతో పిలిచే ఆవముద్ద పెట్టుకోవడం మామూలే. ఆవ పెట్టిన కూరలు పుట్టినప్పటినుంచి తింటున్న మనం ఆ సీసా కోసం సూపర్ మార్కెట్‌కు వెళ్ళనవసరం లేదనిపించింది. కూర ఆవిరికి పెట్టినప్పుడే ఒక చెంచా ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, రెండు ఉప్పురాళ్ళు కొద్ది నీటితో నూరి పక్కన ఉంచాను. ఆవగింజ పొడిగా ఉన్నప్పుడు ఘాటు ఉండదు. నలిగి నీరు తగిలాకనే అందులోని మైరోసినేజ్ అనే ఎంజైము సినిగ్రిన్ అనే పదార్థం మీద పనిచేసి, ముక్కుకు ఎక్కే ఆ ఘాటును పుట్టిస్తుంది. అందుకు పది నిమిషాలైనా వ్యవధి ఇవ్వాలి. మరిగే వేడి తగిలితే ఆ ఘాటు ఎగిరిపోయి చేదే మిగులుతుంది, ఆవ ఎప్పుడూ దించాకనే కలపాలని మన పెద్దవాళ్ళు చెప్పడంలోని కారణం ఇదే. కాలీఫ్లవర్ కూడా ఆవ కుటుంబంలోనిదే కనుక రెండూ కలిసినప్పుడు పరాయి రుచి అనిపించదు. ముద్ద గోరువెచ్చగా అయ్యాక ఆవ కలిపి మూతపెట్టి, చేప వైపు తిరిగాను.

చేప పని నిజానికి అంతకు ముందే మొదలైంది. కూర ఆవిరి మీద ఉండగానే ముక్కలను కాస్త పసుపు, ఉప్పుతో రుద్ది కడిగి, రెండువైపులా కొత్తగా ఉప్పు చల్లి పావుగంట ఉంచాను. ఉప్పు పైపైన ఉన్న నీటిని బయటకు లాగుతుంది, ముక్క బిగుస్తుంది. తర్వాత ఉతికిన నూలు గుడ్డ మడతల మధ్య పెట్టి, అరచేత్తో గట్టిగా అద్దాను. గుడ్డ మీద తడి మచ్చ పడింది, మడత మార్చి మళ్ళీ అద్దాను. వేలు పెడితే ముక్క కాస్త బంకగా తగలాలి గాని తడి తగలకూడదు. చాలామంది దీనిని అనవసరపు చాదస్తం అనుకుంటారు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించిన చర్య వల్లనే మాంసం, చేప, రొట్టె వంటివి కాలినప్పుడు ఆ గోధుమరంగు, ఆ వాసన వస్తాయి. అది చురుగ్గా సాగాలంటే పైపొర వేడి దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. తడి ఉన్నంతసేపు ఆ పొర 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, అప్పుడు చేప కాలదు, ఉడుకుతుంది. రంగు వచ్చేసరికి లోపలి భాగం గట్టిపడిపోతుంది.

కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించకపోవడం చూసి మా అత్తయ్యగారు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏమ్మా, కారం మరిచిపోయావా?" అన్నారు. "లేదత్తయ్యా, ఇంత మంట మీద కారం మాడి చేదెక్కుతుంది. చివర్లో మిరియాల పొడి వేస్తాను," అన్నాను. సరే అన్నారు గాని నమ్మినట్లు కనిపించలేదు. మన చేపల వేపుడుకు సన్నని ముక్క, మధ్యస్థమైన సెగ, కాసింత ఎక్కువ నూనె ఉంటాయి గనుక మసాలా పొర నిలుస్తుంది. నూనె తక్కువగా ఉన్న పెనం మీద, పెద్ద మంట మీద ఆ పొర ముందుగా నల్లబడుతుంది.

పెనం విషయంలో రాజీ పడకూడదు. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీల పైన చెడిపోవడం మొదలవుతుంది, ఖాళీగా పెద్ద మంట మీద పెడితే ఆ వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. నేను వాడింది దోసెలకు వాడే బరువైన పోత ఇనుప పెనం. విశాఖ ఉప్పుగాలికి దానిని కడిగి అలాగే వదిలేస్తే మర్నాటికే తుప్పు మరకలు వస్తాయి, అందువల్ల ఎప్పుడూ తుడిచి నూనె రాసి ఉంచుతాను. దానిని పెద్ద మంట మీద ఐదు నిమిషాలు కాగనిచ్చి, రెండు చెంచాల వేరుశనగ నూనె పోశాను. నూనె పలుచబడి అలలుగా పరుగెత్తి, అంచున సన్నని పొగ లేవబోతుండగా ముక్కలు వేశాను. ఎగ్జాస్ట్ ఫ్యాను ముందే వేసి, కిటికీ తీసి పెట్టుకోవడం మంచిది, పొగ తప్పదు.

ముక్క పెనానికి తగలగానే చుయ్యిమని గట్టి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఒకే తీరుగా సాగుతుంటే నీరు ఎప్పటికప్పుడు ఆవిరవుతున్నదని అర్థం. చప్పుడు మెత్తబడి బుసబుసమంటే పెనం చల్లారిందని, నీరు చేరుతున్నదని అర్థం, అప్పుడు మంట పెంచాలి. అందుకే ఒక్కసారి రెండు ముక్కలకు మించి వేయలేదు. మొదటి నిమిషంలో గరిటెతో కదపకూడదు. చేప మాంసకృత్తులు ముందుగా ఇనుమును పట్టుకుంటాయి, పొర గట్టిపడ్డాక తమంతట తామే వదులుతాయి. నాలుగో నిమిషం దగ్గర అట్లకాడ అంచు కింద దూర్చి చూస్తే, ముక్క ఏ పట్టూ లేకుండా జారి వచ్చింది. తిప్పిన వైపు అంచుల దగ్గర ముదురు రంగు, నడిమి ముల్లు చుట్టూ కాస్త లేతరంగు, కండ గీతల మీద అక్కడక్కడ చిటపటలాడుతున్న నూనె బుడగలు కనిపించాయి. ముక్క పక్కభాగం చూస్తే కింది సగం తెల్లగా మారి, పై సగం ఇంకా గాజులాగా మెరుస్తున్నది. ఆ గీత ఎంత పైకి వచ్చిందో చూస్తూ ఉడుకును లెక్కగట్టవచ్చు.

రెండోవైపు మంట కాస్త తగ్గించి మూడు నిమిషాలు ఉంచాను. చివరి నిమిషంలో ఒక చెంచా వెన్న, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు, బాగా తుడిచిన కరివేపాకు వేసి, పెనాన్ని వాల్చి, కరిగిన వెన్నను చెంచాతో ముక్కల మీద పోస్తూ ఉన్నాను. వెన్నలోని పాల పదార్థం త్వరగా మాడుతుంది కాబట్టి మొదట్లో వేయకూడదు. ఆ తర్వాత పట్టకారుతో ముక్కను నిలబెట్టి, చుట్టూ ఉన్న చర్మాన్ని కొన్ని క్షణాలు పెనానికి తగిలించాను. ఈ చిన్న పని చేయకపోతే చర్మం మెత్తగా, జిడ్డుగా మిగిలి, తినేవాళ్ళు దానిని కంచం పక్కన పెట్టేస్తారు.

ఉడికిందీ లేనిదీ తెలుసుకోవడానికి థర్మామీటరు ఉంటే 63 డిగ్రీలు చూసుకోవాలి. నా దగ్గర లేదు, సన్నని చాకు మొనను నడిమి ముల్లు పక్కన దించి, కాసేపు ఉంచి తీసి, మణికట్టుకు ఆనించుకున్నాను. మొన వేడిగా తగిలింది, ముల్లు దగ్గర కండ పొరలుగా విడివడింది. అంగుళం మందానికి మొత్తం 10 నిమిషాలు అని కెనడావాళ్ళ లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. ఇనుప పెనం మీద వంజరానికి అది కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం. ముక్క మీద తెల్లటి పెరుగు చుక్కల వంటివి పొడుచుకు వస్తే అప్పటికే వేడి మించిందని గుర్తు. దించాక రెండు నిమిషాలు తీగల జల్లెడ మీద ఉంచాను. పళ్ళెంలో నేరుగా పెడితే కింది వైపు చెమ్మపట్టి, కట్టించిన పొర మెత్తబడుతుంది. అప్పుడే పాడేరు వైపు కాఫీ తోటల నుంచి వచ్చిన మిరియాలను కచ్చాపచ్చాగా దంచి చల్లి, నిమ్మచెక్క పక్కన పెట్టాను. నిమ్మరసం ఎవరికి వారు తినేటప్పుడు పిండుకోవడమే మేలు, ముందే పిండితే మళ్ళీ తడి.

ఆవ ముద్దను కంచంలో ఒక పక్కగా పరిచి, ముక్కను దానికి ఆనీ ఆననట్లు పెట్టాను. మా అమ్మాయి ఫోర్కుతో మొదలుపెట్టి రెండో ముద్ద నుంచి చేత్తోనే తిన్నది. అత్తయ్యగారు కాలీఫ్లవర్ ముద్దను "ఆవ పెట్టిన కూరే కదా" అని అన్నంలో కలుపుకున్నారు, చేప ముక్కకు మాత్రం కాస్త కారప్పొడి అద్దుకున్నారు. కారప్పొడితో కూడా అది బాగానే ఉందని నేను కూడా ఒప్పుకోవాలి, ఎందుకంటే మాడకుండా పచ్చిగా తగిలే ఆ కారం వెన్న రుచిని తేల్చి చూపించింది. బజారు పని, తరుగుడు పక్కన పెడితే, ఇడ్లీ పాత్ర పొయ్యి ఎక్కినప్పటి నుంచి వడ్డన దాకా అరగంటకు కాస్త పైన పట్టింది.

మళ్ళీ చేసినప్పుడు ఆవను సగానికి తగ్గించి, మిగతా ఘాటుకు అల్లం రసం వేశాను, ఇంట్లో పిల్లలుంటే ఆ పాళ్ళే నయం. మిగిలిన ముద్ద మర్నాటికి ఘాటు చచ్చి, ఒట్టి కూరగానే ఉంటుంది, అందులో మిగిలిన చేపను ముల్లు తీసి కలిపి, పల్చగా తట్టి పెనం మీద కాలిస్తే పొద్దున టిఫినుకు సరిపోతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం ఉంటుంది, ఆ 61 రోజులు తాజా వంజరం దొరకడం కష్టం. ఆ కాలంలో చెరువుల్లో పెంచే పండుగప్పను ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు, దాని చర్మం మందం కనుక ఆ వైపు ఒక నిమిషం అదనంగా ఉంచాలి. గడ్డకట్టించిన వంజరం కొంటే ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, చిల్లుల పళ్ళెం మీద కరగనివ్వాలి. గడ్డకట్టినప్పుడు కండ కణాలు చిట్లి ఉంటాయి గనుక అది తాజా ముక్క కంటే ఎక్కువ నీరు వదులుతుంది, గుడ్డతో అద్దడం కూడా ఇంకో విడత ఎక్కువే చేయాలి.